ఊరి చరిత్ర రాయడానికి, శాసనం కాపాడుకోవడానికి ప్రభుత్వ సాయం దొరుకుతుందా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక ఊరు. గుడి వెనక ఒక నాపరాయి మీద పాత తెలుగు అక్షరాలున్నాయి. గుడి విప్పి కొత్తగా కట్టే ఆలోచన నడుస్తోంది. రాయిని కాపాడుకుని, పనిలో పనిగా ఊరి చరిత్ర పుస్తకం వేద్దామని కొంతమందిమి అనుకుంటున్నాం. అమెరికాలో ఉన్న మా ఊరివాళ్ళు డబ్బు పంపుతామంటున్నారు. ప్రభుత్వం నుంచి గ్రాంటు ఏదైనా వస్తుందా? ఎవరిని అడగాలి?

సమాధానం:

సూటిగా చెప్పేస్తానండీ. "మా ఊరి చరిత్ర రాస్తున్నాం, డబ్బివ్వండి" అని దరఖాస్తు పెడితే చెక్కు రాసిచ్చే శాఖను నేను ఆంధ్రలోనూ చూడలేదు, తెలంగాణలోనూ చూడలేదు. డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పుకుంటూ, సెలవుల్లో శాసనాల వెంట తిరిగినవాణ్ణి. అడిగి వచ్చినవాళ్ళ అనుభవాలు చాలానే విన్నాను. అలాగని ప్రభుత్వం మీ ఊరి చరిత్ర మీద ఏమీ ఖర్చు పెట్టలేదనుకోవద్దు. రెండు వందల ఏళ్ళుగా పెడుతూనే ఉంది. ఆ ఖర్చుతో తయారైన కాగితాలు చెన్నైలో, మైసూరులో, హైదరాబాదులో, మీ జిల్లా కలెక్టరేటు రికార్డు రూములో ఉన్నాయి. వాటిని బయటికి తీయించుకోవడమే మీకు దొరికే అసలు సాయం. అందుకు కావలసింది బస్సు చార్జీలూ, ఓపికా. గ్రాంటు సంగతి తర్వాత చూద్దాం.

ముందు రాయి సంగతి. పుస్తకం ఏడాది ఆలస్యమైనా కొంప మునగదు గానీ, గుడి పని మొదలైతే రాయి మీ చేతిలో ఉండదు.

ఎండకీ వానకీ ఎనిమిది వందల ఏళ్ళు తట్టుకున్న రాళ్ళు జీర్ణోద్ధరణకు తట్టుకోలేకపోతున్నాయి. నాకు తెలిసిన ఒక ఊళ్ళో పాత మండపం విప్పినప్పుడు శాసనపు రాయిని పారేయలేదు పాపం. "పాత రాయి, గట్టిది" అని కొత్త మెట్లకు వాడారు. చెక్కిన వైపు కిందికి పెట్టి, చుట్టూ సిమెంటు పోశారు. ఇంకో చోట గోడలు తెల్లగా రావాలని ఇసుక బ్లాస్టింగ్ చేయించారు. వాడిన సబ్బు బిళ్ళ మీద పేరులాగా అక్షరాలు అరిగిపోయాయి. ఎనామిల్ పెయింట్లు, టైల్సు సంగతి సరేసరి. వీళ్ళెవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. అక్కడ శాసనం ఉందని ఏ కాగితంలోనూ లేదు, అంతే.

కాబట్టి కాగితం పుట్టించండి. మీ గుడి దేవాదాయ శాఖ కింద ఉండి, సర్వశ్రేయోనిధి నుంచి, అదే మనవాళ్ళు సీజీఎఫ్ అంటారు, డబ్బు అడుగుతున్నారనుకుందాం. ఎస్టిమేటు వేసేటప్పుడే శాసనపు రాయిని జాగ్రత్తగా తీసి మళ్ళీ నిలబెట్టే పనిని విడి ఐటెమ్‌గా రాయించండి. ఎస్టిమేటులో లేని పని కాంట్రాక్టరు చేయడు, అడిగితే నవ్వుతాడు. దేవాదాయ శాఖ అసిస్టెంట్ కమిషనర్ (ఏసీ) ఆఫీసుకు ఫొటోలు జతచేసి ఒక ఉత్తరం ఇవ్వండి. దాని నకలు రాష్ట్ర పురావస్తు శాఖకు పంపండి. రెండు చోట్లా అందినట్టు ముద్ర వేయించుకోండి. గుడి శాఖ కింద లేకపోతే గ్రామసభలో తీర్మానం చేయించండి. "ఫలానా సర్వే నంబరులో, ఫలానా చోట, ఇంత పొడవు ఇంత వెడల్పు రాయి మీద ఇన్ని పంక్తుల శాసనం ఉంది, ఇది ఊరి ఆస్తి" అని నాలుగు వాక్యాలు చాలు. సర్పంచి మారినా, కమిటీ మారినా మినిట్స్ పుస్తకం ఉంటుంది.

ఉత్తరం పెడితే ప్రభుత్వం గుడి స్వాధీనం చేసుకుంటుందేమోనని ఊళ్ళో భయపడతారు. ఆ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, 1958 నాటి కేంద్ర చట్టానికి 2010లో చేసిన సవరణ నుంచి. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త కట్టడాలు నిషేధం, ఆపైన మరో 200 మీటర్లు అనుమతి తీసుకోవాలి. ఇది కేంద్రం రక్షిత కట్టడంగా ప్రకటించిన వాటికి. రాష్ట్రానికి వేరే చట్టం ఉంది, ఆంధ్రకు 1960 నాటిది, తెలంగాణకు 2017లో వచ్చిన హెరిటేజ్ చట్టం. పొలంగట్టున ఉన్న ఒక్క పలక కోసం ఊరంతటినీ రక్షిత ప్రాంతం చేయరు. ఈ మాట మీ కమిటీ పెద్దలకు మొదటి రోజే చెప్పండి, లేకపోతే రాయి రాత్రికి రాత్రి కనబడకుండా పోవడం కూడా ఉంది.

రాయిని ఉన్న ఊళ్ళోనే, వీలైతే ఉన్నచోటే నిలబెట్టమంటాను. మ్యూజియానికి పంపితే భద్రంగా ఉంటుందన్న మాట నిజమే గానీ, శాసనంలో చెప్పిన చెరువూ పొలమూ మ్యూజియంలో ఉండవు కదా. నిలబెట్టేటప్పుడు ఒక్క జాగ్రత్త. రాయి కింది భాగం రాయకుండా వదిలేశారో, అక్కడిదాకా అక్షరాలున్నాయో ముందు చూడండి. అడుగున రెండు మూడు పంక్తులు సిమెంటు దిమ్మెలో కూరుకుపోయిన శాసనాలు మన జిల్లాల్లో బోలెడు. దాత పేరు పైన కనబడుతుంది, ఏ పొలం ఇచ్చాడో సిమెంటులో ఉంటుంది.

ఇక చదవడం. ఫొటోలో అక్షరాలు తేలడం లేదని సుద్దముక్కతో దిద్దడం, పిండి పూయడం, నూనె రాయడం చేయొద్దు. దిద్దినవాడు తనకు తోచిన అక్షరం దిద్దుతాడు, తర్వాత వచ్చినవాడు దాన్నే చదువుతాడు. మెత్తటి బ్రష్షు, మంచినీళ్ళు, అంతే. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు తీయండి. నీడలో ఉంటే రాత్రి టార్చిలైటు పక్క నుంచి పట్టుకుని తీస్తే పగలు కనబడనివి కూడా లేచి కనబడతాయి. పక్కన స్కేలు పెట్టండి. మొత్తం రాయి ఒకటి, తర్వాత పైనుంచి కిందికి నాలుగైదు పంక్తులు పట్టేలా ముక్కలు ముక్కలుగా.

అసలైన నకలు మాత్రం అచ్చు తీయడమే, ఎస్టాంపేజి అంటారు. రాయి శుభ్రం చేసి, తడిపిన కాగితం పరిచి, గట్టి వెంట్రుకల బ్రష్షుతో కాగితం అక్షరాల గాడుల్లోకి దిగేదాకా కొట్టాలి. తర్వాత నల్లసిరా అద్దిన గుడ్డ ఉండతో పైపైన అద్దుతారు. ఎత్తుగా ఉన్న రాయి నల్లబడుతుంది, లోపలికి దిగిన అక్షరం తెల్లగా నిలుస్తుంది. ఆరాక వొలిచి తీస్తే రాయి మీద ఉన్నదంతా మీ చేతికి వస్తుంది. చూడ్డానికి తేలికే గానీ, కాగితం మరీ తడిగా ఉంటే చిరుగుతుంది, పొడిగా ఉంటే దిగదు. చేయి తిరిగినవాళ్ళను పిలిపించుకోండి. భారత పురావస్తు సర్వేక్షణ శాఖవారి శాసన విభాగం మైసూరులో ఉంది. ఊళ్ళవాళ్ళు పంపిన ఫొటోలు చూసి అక్కడి అధికారులు చదివి చెప్పిన వార్తలు తెలుగు పేపర్లలో తరచూ వస్తూనే ఉంటాయి. ప్రభుత్వం నుంచి ఉచితంగా దొరికే సాయాల్లో ఇంత పనికొచ్చేది ఇంకోటి నేను చూడలేదు.

పేపర్ల మాట వచ్చింది గనక: "కాకతీయుల నాటి శాసనం లభ్యం" అని జిల్లా పేజీలో వేయించేముందు అది ఎప్పుడో అచ్చయిందేమో చూసుకోండి. శాసన విభాగం వార్షిక నివేదికలు 1887 నుంచి ఉన్నాయి. రాబర్ట్ సూయెల్ 1882లో మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా పాత గుళ్ళు, శాసనాలు ఎక్కడెక్కడున్నాయో జిల్లా, తాలూకా, ఊరు వారీగా జాబితా వేశాడు. దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో పదోది, 1948లో వచ్చింది, మొత్తం తెలుగు శాసనాలే. నెల్లూరు జిల్లావాళ్ళకైతే బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లోనే మూడు సంపుటాలు వేసిపెట్టారు. చాలావరకు ఇంటర్నెట్టులో ఉచితంగా దొరుకుతాయి. మీ ఊరి పేరు పాత స్పెల్లింగుతో, పాత తాలూకా కింద వెతకాలి. గుంటూరు, సత్తెనపల్లి, నరసరావుపేట, పల్నాడు, వినుకొండ తాలూకాల్లో మీది ఎందులో ఉండేదో ముందు తేల్చుకోండి. అచ్చయి ఉంటే నిరాశ పడొద్దు, ఇంకా మంచిది. వందేళ్ళ కింద చదివినప్పుడు ఉన్న పంక్తులు ఇప్పుడు పోయి ఉండొచ్చు, వాళ్ళ పాఠం మీకు దొరుకుతుంది.

తేదీ తేల్చడం అంత కష్టం కాదు. శక సంవత్సరానికి 78 కలపండి, తర్వాత ప్రభవాది సంవత్సరం పేరుతో సరిపోతుందో లేదో చూడండి. పాలంపేట రామప్ప గుడి శాసనంలో శక 1135 శ్రీముఖ అని ఉంటుంది. 78 కలిపితే 1213, అది శ్రీముఖే. రెండూ కుదరకపోతే అంకె చదవడంలో తేడా వచ్చి ఉండొచ్చు.

"ఒక రాయిలో ఏముంటుందిలే" అనేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వాళ్ళకు చందుపట్ల సంగతి చెప్పండి. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి ఊరు. అక్కడ పువ్వుల ముమ్మడి అనే ఆయన సోమనాథ దేవుడికి భూమి ఇస్తూ, కాకతి రుద్రమదేవి, మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్ళినందుకు వాళ్ళ పుణ్యం కోసం ఇస్తున్నానని చెక్కించాడు. శక 1211, విరోధి, అంటే 1289. అప్పటిదాకా రుద్రమ 1295 వరకు ఏలిందని పుస్తకాల్లో రాసుకున్నాం. శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు ఈ శాసనం వెలికి తెచ్చాక పాఠ్యపుస్తకం మారింది. రాష్ట్ర చరిత్రను దిద్దింది రాజధానిలోని శాసనం కాదు, ఊరిబయట రాయి.

ఇక కాగితాలు. పల్నాడువాళ్ళు కాబట్టి మీకు మెకంజీ కైఫీయతులు ఉండే అవకాశం ఎక్కువ. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ సర్వేలు చేస్తూ, ఏలూరుకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి లాంటి సహాయకులను ఊరూరా తిప్పి, కరణాల దగ్గర ఊరి వృత్తాంతాలు రాయించుకున్నాడు. బొర్రయ్య 1803లో చిన్నవయసులోనే పోతే లక్ష్మయ్య పని నెత్తికెత్తుకున్నాడు. ఆ వృత్తాంతాలే కైఫీయతులు, చాలావరకు చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. సి.పి. బ్రౌన్ వాటికి నకళ్ళు రాయించాడు. కడప జిల్లా కైఫీయతులను కడపలోని బ్రౌన్ గ్రంథాలయంవాళ్ళు సంపుటాలుగా అచ్చువేశారు. గుంటూరు ప్రాంతపువి కొన్ని రాష్ట్ర ఆర్కైవ్స్ వేసింది. చదివేటప్పుడు మాత్రం కొంచెం అనుమానంతో చదవండి. కైఫీయతు చెప్పింది కరణం. తన మిరాశీ, అంటే వంశపారంపర్య హక్కు, ఎంత పాతదో, ఊరికి పన్ను ఎంత భారమో దొరగారికి తెలియాలన్న తాపత్రయం అందులో ఉంటుంది. విజయనగర రాజులే స్వయంగా తమ తాతకు సనదు (హక్కు పత్రం) ఇచ్చారని చెప్పని కరణం అరుదు.

నన్నడిగితే కైఫీయతు కంటే ఇనాం ఫెయిర్ రిజిస్టరు విలువైనది. 1858లో వేసిన ఇనాం కమిషన్ ఊరూరికీ తిరిగి, ఎవరు ఏ పనికి ఎంత మాన్యం అనుభవిస్తున్నారో రాయించింది. భూమి తగాదాల్లో ఐ.ఎఫ్.ఆర్. అని వకీళ్ళు రోజూ తిప్పే కాగితం ఇదే. చరిత్ర కోసం దాన్ని తెరిచేవాళ్ళే తక్కువ. ఒక్కో వరుస చూడండి: ఎంత విస్తీర్ణం, ఎవరు ఇచ్చారు, ఏ సేవకు, సనదు ఉందా, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, వాళ్ళకు ముందు ఎవరు. అర్చకుడి వరుస పక్కనే మంగలి, చాకలి, కుమ్మరి, వెట్టి, తలారి, గుళ్ళో ఆడే భోగంవాళ్ళు, మేళం వాయించేవాళ్ళు వస్తారు. శాసనం ఇచ్చినవాడి పేరు చెప్తుంది, ఈ రిజిస్టరు ఊళ్ళో పనిచేసినవాళ్ళ పేర్లు చెప్తుంది. దాంతోపాటు రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, అదే ఆర్.ఎస్.ఆర్., పాత ఊరి పటం తీసుకోండి. పటంలో కుంటలు, డొంకలు, పాత కాలిబాటలు ఉంటాయి. శాసనంలో చెప్పిన హద్దులు వాటితో సరిచూస్తే కొన్నిసార్లు ఇచ్చిన చేను ఇప్పటికీ ఎక్కడుందో చూపించవచ్చు.

వీటి నకళ్ళకు తహసీల్దారు ఆఫీసు, కలెక్టరేటు రికార్డు రూము. వాళ్ళు ఇవ్వం అంటే సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఆంధ్రలో ఊరిస్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. పాత ఫైళ్ళ అట్టల మీద ఆర్.డిస్., డి.డిస్., ఎల్.డిస్. అని ఉంటాయి. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచాల్సింది, మిగతావి గడువు తీరాక తగలబెట్టొచ్చు. కాబట్టి దొరికేది ఆర్.డిస్. వాటిలోనే, దాన్నే పట్టుకుని అడగండి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు చాలా ఊళ్ళ పాత లెక్కలు ఆఫీసుకు చేరలేదు, కరణంగారి అటక మీదే ఉండిపోయాయి. వాళ్ళ వారసుల్ని మర్యాదగా అడగండి. కాగితాలు మీరు పట్టుకుపోతామనొద్దు, వాళ్ళింట్లోనే, వాళ్ళ ముందే ఫొటోలు తీసుకుని ఇచ్చేయండి. తాటాకులు కనబడితే 2003లో మొదలై, 2025లో జ్ఞాన భారతం మిషన్‌గా మారిన జాతీయ రాతప్రతుల మిషన్ కేంద్రాలవాళ్ళకు చెప్పండి, సూచీలో చేరుస్తారు.

తెలంగాణ మిత్రులు చదువుతుంటే, మీ దారి వేరు. సూయెల్ జాబితా మీకు అంత పనికిరాదు, మెకంజీ కైఫీయతులూ తక్కువే. మీకు సేత్వార్ (మొదటి సర్వే భూమి రిజిస్టరు), 1954-55 ఖాస్రా పహాణీ (పొలాల లెక్క), ఇనాం మున్తఖబ్‌లు (ఇనాం మంజూరు పత్రాలు), తార్నాక ఆర్కైవ్స్‌లో ఫార్సీ, ఉర్దూ దస్తావేజులు. ఉర్దూ చదవగల ఒక పెద్దాయనను వెంట తీసుకెళ్ళకపోతే అక్కడ పని నడవదు. నిజాం ప్రభుత్వం 1914లోనే యజ్దానీ ఆధ్వర్యంలో పురావస్తు శాఖ పెట్టింది. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం కరీంనగర్, వరంగల్ లాంటి జిల్లాల శాసన సంపుటాలు వేసింది. అయితే మొదటి అడుగు జనానిదే. కొమర్రాజు లక్ష్మణరావు గారి పేరు మీద హైదరాబాదులో పెట్టుకున్న లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో తెలంగాణ శాసనాలు అచ్చువేసింది, చందాలతో. ఇటు రాజమండ్రిలో 1922లో భావరాజు వేంకటకృష్ణారావు గారు ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పెట్టారు, అదీ అలాంటిదే. వలిగొండకు చెందిన బి.ఎన్. శాస్త్రి గారు జిల్లాల చరిత్రలూ శాసన సంపుటాలూ తన సొంత చేతి చమురుతో వేశారు. ఆయన పుస్తకాలు ఉటంకించకుండా ఇవాళ నల్లగొండ చరిత్ర ఎవరూ రాయలేరు.

రెండు రాష్ట్రాలవాళ్ళూ మరిచిపోయేది 1961 జనాభా లెక్కలు. ఆ ఏడు జనం తలలు లెక్కపెట్టి ఊరుకోలేదు. ఎంపిక చేసిన ఊళ్ళ మీద విడివిడిగా గ్రామ సర్వే పుస్తకాలు రాశారు, జిల్లాల వారీగా జాతరలు, తిరునాళ్ళ సంపుటాలు వేశారు. ఏ ఊళ్ళో ఏ దేవతకు ఎప్పుడు కొలుపు, ఎవరు పూజారి, ఏం సమర్పిస్తారు, అన్నీ ఉంటాయి. పూర్తిగా ప్రభుత్వ ఖర్చుతో జరిగిన స్థానిక చరిత్ర అది. మీ ఊరి తిరునాళ్ళ గురించి అందులో నాలుగు పంక్తులు దొరికితే, అరవై ఏళ్ళలో ఏం మారిందో తేలిగ్గా తెలుస్తుంది.

డబ్బు సంగతికి వస్తాను. పంచాయతీ దగ్గరే మొదలుపెట్టండి. రాజ్యాంగం 11వ షెడ్యూల్లో గ్రంథాలయాలు 20వ అంశం, సాంస్కృతిక కార్యక్రమాలు 21వ అంశం. "మాకు అధికారం లేదు" అని కార్యదర్శి అంటే ఈ రెండు నంబర్లు చూపించండి. రాయికి దిమ్మె, పైన చిన్న రేకు, పక్కన పాఠం రాసిన బోర్డు, ఇంతవరకు పంచాయతీ పెట్టుకోగలదు. మీరు కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. 1960 నాటి చట్టం ప్రకారం అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి, చాలా చోట్ల బకాయి పడి ఉంటుంది. ఆ సంస్థ మీ పుస్తకం కాపీలు కొనాలని అడగడం మీ హక్కు. కొంటుందని లెక్కవేసుకుని అచ్చు బిల్లు మాత్రం ఒప్పుకోకండి.

పుస్తక ముద్రణకు తెలుగు విశ్వవిద్యాలయం ఆర్థిక సహాయం ఇస్తూ వచ్చింది, ప్రకటన వచ్చినప్పుడు రాతప్రతి సిద్ధంగా ఉండాలి. ఢిల్లీలోని చరిత్ర పరిశోధన మండలి, ఐ.సి.హెచ్.ఆర్., గ్రాంట్లు ఇస్తుంది గానీ అది విశ్వవిద్యాలయపు భాషలో రాసిన ప్రాజెక్టులు చదువుతుంది. నాగార్జున విశ్వవిద్యాలయం చరిత్ర విభాగంలో ఒక అధ్యాపకుణ్ణి కలుపుకుంటే ఆ దారి తెరుచుకుంటుంది, లేకపోతే టైము దండగ. పుస్తకాన్ని గుర్తించడానికి ఇచ్చే ఐ.ఎస్.బి.ఎన్. నంబరు ఉచితం. ఎవరైనా దానికి డబ్బు అడిగితే ఇవ్వొద్దు.

అమెరికా డబ్బు విషయం జాగ్రత్తగా వినండి. అక్కడున్నా ఇంకా భారత పాస్‌పోర్టే ఉన్నవాళ్ళు తమ సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పౌరసత్వం మార్చుకున్నవాళ్ళు, విదేశీ పౌరులైన మనవాళ్ళకిచ్చే ఓ.సి.ఐ. కార్డు ఉన్నా సరే, పంపితే విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం, ఎఫ్.సి.ఆర్.ఏ., కింద రిజిస్ట్రేషను గానీ ముందస్తు అనుమతి గానీ లేని సొసైటీ దాన్ని ముట్టుకోకూడదు. నిన్న మొన్న పెట్టిన సొసైటీకి ఆ రిజిస్ట్రేషను ఎలాగూ రాదు. కాబట్టి ఏడుగురు సభ్యులతో సొసైటీ రిజిస్టరు చేయించుకున్నా, ఎవరి పాస్‌పోర్టు ఏదో అడిగి తెలుసుకున్నాకే ఖాతా నంబరు ఇవ్వండి. పాస్‌పోర్టు మారినవాళ్ళు ఇంకో రకంగా ఉపయోగపడతారు. సూయెల్ జాబితాలు, వార్షిక నివేదికలు, 1961 సంపుటాలు కూర్చుని వెతికి మీ ఊరి పేజీలు పట్టుకోవడం అక్కణ్ణుంచే చేయవచ్చు.

దాతల గురించి ఇంకో మాట. డబ్బిచ్చినవాళ్ళ వంశవృక్షాలు, రంగుల ఫొటోలు పుస్తకం మొదట్లో సగం తినేసిన ఊరి చరిత్రలు నా బీరువాలో ఒక అర నిండా ఉన్నాయి. ఫలానా కులం వాళ్ళే ఊరు కట్టారు అని మొదలవుతాయి, మాల మాదిగ పల్లెలు ఎప్పుడు ఏర్పడ్డాయో ఒక్క వాక్యం ఉండదు. దాతల పేర్లు చివర ఒక పేజీలో వస్తాయని మొదటి మీటింగులోనే తేల్చేసుకోండి. తర్వాత తేల్చడం మొహమాటం.

పల్నాడులో ఇంకో సంపద ఉంది, దానికి ఏ ఆర్కైవ్స్‌కీ వెళ్ళక్కర్లేదు. కారంపూడి వీరుల గుడి దగ్గర కార్తీక మాసంలో ఉత్సవాలు జరిగేటప్పుడు వీరవిద్యావంతులు పల్నాటి వీరుల కథ చెప్తారు. మీ ఊరి నుంచి వీరాచారానికి, అంటే ఆ వీరుల్ని కొలవడానికి, వెళ్ళే కుటుంబాలు ఏవి, వాళ్ళ ఇంట్లో ఏ ఆయుధం పూజలో ఉంది, ఏ వీరుడి పేరున వెళ్తారు, ఇవి అడగండి. పొలిమేరలో పోతురాజు అని పసుపు రాసి మొక్కే రాయిని ఒకసారి పక్కనుంచి చూడండి. గుర్రమో, కత్తి పట్టిన మనిషో, పైన సూర్యచంద్రులో కనబడితే అది వీరగల్లు, అంటే పోరులో పోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి, కావచ్చు. పూజ ఆపించొద్దు. ఆ పూజ వల్లే ఆ రాయి ఇన్నాళ్ళు నిలిచింది.

రాష్ట్ర ప్రభుత్వాల మీద నాకున్న అసలు ఫిర్యాదు గ్రాంట్ల గురించి కాదు. పక్కన మైసూరు సంస్థానం 1886 నుంచి రైస్ దొర చేత ఎపిగ్రాఫియా కర్ణాటికా అనే శాసన సంపుటాలు వేయించింది. తాలూకా వారీగా, మూలం, అనువాదంతో సహా, సుమారు 9 వేల శాసనాలు. తర్వాత వాళ్ళ విశ్వవిద్యాలయం దాన్ని సవరించి మళ్ళీ వేసింది. అందుకే కన్నడ పల్లెటూరి బడిపంతులు తన ఊరి శాసనం ఒక్క పుస్తకం తీసి చూసుకోగలడు. మనకు ఒక ఊరి శాసనం దొరకాలంటే నాలుగు రకాల సంపుటాలు, వార్షిక నివేదికలు, పాత పత్రికలు తిరగేయాలి. జిల్లాల శాసన సంపుటాలు అన్ని జిల్లాలకూ పూర్తి కాలేదు, చదవగలవాళ్ళు రిటైరైతే ఆ కుర్చీలు నింపడం లేదు. గణపతిదేవుడు మాటిచ్చిన మందడాన్ని, వెలగపూడితో కలిపి రుద్రమదేవి 1261లో విశ్వేశ్వర శివాచార్యులకు ఇచ్చినట్టు మల్కాపురం శాసనం చెప్తోంది. ఆ ఆదాయంతో మఠం, చదువు, సత్రం, ప్రసూతిశాల నడిచాయి. ఇవాళ ఆ వెలగపూడిలోనే సచివాలయం ఉంది. అక్కడ కూర్చునేవాళ్ళకు శాసన సంపుటాలకు బడ్జెట్టు అడుగుతూ ఉత్తరం రాస్తే, ఈ శాసనం ఫొటో జతచేయమని నా సలహా.

కరీంనగర్ జిల్లా కురిక్యాల సంగతీ గుర్తుపెట్టుకోండి. అక్కడి బొమ్మలగుట్ట మీద కన్నడ కవి పంపడి తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దంలో చెక్కించిన కంద పద్యాలను తెలుగు ప్రాచీనతకు సాక్ష్యంగా చూపించారు, 2008లో ప్రాచీన భాష హోదా వచ్చింది. ఆ గుట్ట గ్రానైటు తవ్వకాలకు బలి కాకుండా చూసుకోవడానికి మాత్రం స్థానికులు, చరిత్ర అభిమానులు గొడవ చేయాల్సి వచ్చింది. అంత పేరున్న గుట్టకే కాపలా జనమైతే, మీ గుడి వెనక రాయికి వేరే ఎవరు వస్తారు?

ఒకవేళ పునాదులు తవ్వేటప్పుడు రాగిరేకులో నాణేలో బయటపడితే ఇంటికి పట్టుకుపోవద్దు, కంసాలికి చూపించొద్దు. 1878 నాటి చట్టం ప్రకారం 10 రూపాయల విలువ దాటిన ఏ నిక్షేపం దొరికినా కలెక్టరుకు తెలపాలి. ఆ పది రూపాయలు విక్టోరియా రాణి కాలం నాటివి, ఇప్పటికీ మార్చలేదు. తహసీల్దారుకు రాసి ఇచ్చి పంచనామా చేయించండి, దొరికిన చోటు కొలతలతో సహా.

ఇప్పుడు మీరు చేయాల్సింది: గుడి పని ముహూర్తం ఎప్పుడో కనుక్కుని, ఏసీ ఆఫీసు ఉత్తరం ఈ వారమే ఇవ్వండి. రాయి ఫొటోలు పైన చెప్పినట్టు తీసి, ఊరి పేరు, పాత తాలూకా రాసి ఇక్కడ పెట్టండి. మొదటి నాలుగు పంక్తులు దగ్గర్నుంచి తీయండి, శక సంవత్సరం సాధారణంగా అక్కడే ఉంటుంది. కనబడినంత చదివి చెప్తాను. చదవలేని అక్షరాలు ఏవో గుర్తుపెట్టి, వాటిని మైసూరుకు పంపుదాం.